ప్యాకెట్ వెనకున్న లెక్క: చిన్న ఆహార తయారీ పథకాలపై డిగ్రీ విద్యార్థులతో మాట

(అనంతపురం జిల్లాలో డిగ్రీ విద్యార్థుల అవగాహన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు మైకు సరిగా పనిచేయక వెనక బెంచీల వాళ్ళకు సగమే వినపడింది. తర్వాత చాలామంది ఫోన్ చేశారు. కొందరు "ఆ పొడి ప్యాకెట్ అమ్మాయి సంగతి మళ్ళీ చెప్పండి" అన్నారు, కొందరు "35 శాతం సబ్సిడీ లెక్క అర్థం కాలేదు" అన్నారు. అందుకే రాసి పంపుతున్నాను. ఆ అమ్మాయి అనుమతితోనే ఆమె అనుభవం చెబుతున్నాను. పేరు, ఊరు, కాలేజీ రాయడం లేదు. చదవడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. వేరే గ్రూపులోకి ఫార్వర్డ్ చేసే ముందు మీరొకసారి చదవండి.

ముందుగా ఒక ప్రశ్న. మార్కెటింగ్ అంటే ఏమిటి? ఆ రోజు హాల్లో అడిగితే ముప్పావు వంతు మంది "అడ్వర్టైజ్‌మెంట్ సార్" అన్నారు. బీకాం వాళ్ళు కొంచెం ముందుకెళ్ళి "ఫోర్ పీస్" అన్నారు. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. కరెక్టే. జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1960లో తన పాఠ్యపుస్తకంలో పెట్టిన విభజన అది. అరవై ఏళ్ళు దాటినా మన పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నగా వస్తూనే ఉంది. నేను చెప్పబోయే అమ్మాయి కూడా ఆ ప్రశ్నకు మంచి మార్కులే తెచ్చుకుంది. అయితే ఆ నాలుగు మాటలూ ఒక పొడి ప్యాకెట్ మీదికి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలిసింది మాత్రం మూడో సంవత్సరంలో టీమ్ ప్రాజెక్టు చేసినప్పుడే.

ప్రాజెక్టు ఇదీ. ఐదుగురు కలిసి ఒక వస్తువు ఎంచుకోవాలి. దాన్ని నిజంగా తయారు చేయించి, నిజంగా అమ్మి, చివర్లో జడ్జీల ముందు ఎనిమిది నిమిషాలు చెప్పాలి. ఐదుగురిలో ఒకమ్మాయి వాళ్ళమ్మ పొదుపు సంఘంలో సభ్యురాలు. ఆ సంఘంలో నలుగురు ఆడవాళ్ళు చెనక్కాయల పొడి చేసి చుట్టుపక్కల ఇళ్ళకు అమ్ముతుంటారు. మన జిల్లాలో ఆ పొడి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. రాగిసంగటిలోకి, జొన్నరొట్టెలోకి, ఏమీ లేని రోజు అన్నంలో నెయ్యితో కూడా అదే. "మన దగ్గర దొరికేది, మనకు తెలిసింది ఇదే కదా" అని టీమ్ దాన్నే తీసుకుంది. నా లెక్కలో అది సరైన నిర్ణయం. అదే క్లాసులో ఇంకో టీమ్ డ్రోన్లతో పురుగుమందు పిచికారీ అని మొదలుపెట్టి, డ్రోన్‌ను ఒక్కసారి కూడా చేత్తో తాకకుండానే పీపీటీ ముగించింది.

బాగుంది అన్నవాళ్ళు, పది రూపాయలు ఇచ్చినవాళ్ళు

మొదటి వారం వాళ్ళు సర్వే చేశారు. చిన్న కాగితపు పొట్లాల్లో పొడి కట్టుకుని కాలేజీలో, వీధిలో, బంధువుల ఇళ్ళలో 48 మందికి రుచి చూపించారు. "బాగుందా?" అని అడిగారు. 48 మందీ బాగుందన్నారు. నూటికి నూరు శాతం అని రంగుల పై చార్ట్ గీసుకుని మార్కెటింగ్ మేడం దగ్గరికి సంబరంగా వెళ్ళారు.

మేడం ఆ చార్ట్ పక్కన పెట్టి, "మన ఊళ్ళో చేతిలో పొడి పెట్టి ఎలా ఉంది అంటే బాగలేదని ఎవరంటారమ్మా? ఆ 48 మంది దగ్గరికే మళ్ళీ పోండి. ప్యాకెట్ వచ్చాక ఇస్తాం, ఇప్పుడు పది రూపాయలు అడ్వాన్స్ ఇవ్వండి అని అడగండి. వద్దంటే ఎందుకు వద్దో రాసుకుని రండి" అన్నారట.

మళ్ళీ వెళ్తే 11 మంది ఇచ్చారు. మిగతా వాళ్ళ జవాబులే అసలు విలువైనవి. "మా ఇంట్లో చేసుకుంటాం కదమ్మా, కొనేదేంది?" ఆడవాళ్ళలో దాదాపు అందరూ చెప్పింది ఇదే. పొడి బాగుందన్నది నిజం, కొనేది లేదన్నది కూడా నిజం. ఆ పదకొండు మంది ఎవరు? ఎనిమిది మంది హాస్టళ్ళలో, అద్దె రూముల్లో ఉండే పిల్లలు. ఇద్దరు ఒంటరిగా ఉంటున్న ఉద్యోగులు. ఒక టీచరమ్మ కూతురు బెంగళూరులో ఉంటుంది, ఆ పిల్లకు పంపడానికి.

అప్పటిదాకా వాళ్ళ స్లైడులో "మా కస్టమర్: అనంతపురం జిల్లా ప్రజలందరూ" అని ఉంది. అది కొట్టేసి "వంటిల్లు లేనివాళ్ళు, వంటకు తీరిక లేనివాళ్ళు" అని రాశారు. ఆ ఒక్క మార్పుతో చాలా సంగతులు వాటంతట అవే మారిపోయాయి. ఇళ్ళకైతే పావుకిలో ప్యాకెట్ బాగుంటుంది. రూములో ఉండే పిల్లవాడికి పావుకిలో ఎందుకు? డబ్బా కూడా ఉండదు. అందుకని 100 గ్రాములు. అమ్మే చోటు కిరాణా కొట్టు కాదు, హాస్టల్ పక్కన జిరాక్స్ షాపు, టిఫిన్ సెంటరు. ప్యాకెట్ మీద దేవుడి బొమ్మ కన్నా "వేడి అన్నంలో రెండు స్పూన్లు" అన్న మాట ఎక్కువ పనిచేస్తుంది.

చిన్న ప్యాకెట్ సంగతికి ఒక పాత ఉదాహరణ చెబుతాను. తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చిన చిక్ షాంపూ గుర్తుందా? 1983లో సి.కె.రంగనాథన్ 15 వేల రూపాయలతో మొదలుపెట్టిన కంపెనీ అది. తర్వాత 50 పైసల సాచెట్‌తో పల్లెల్లో పాకిపోయింది. సీసా కొనలేని మనిషి కూడా సాచెట్ కొనగలడు. మీ వస్తువును తక్కువ చేయకుండానే, కొనేవాళ్ళ జేబుకు సరిపడే సైజు వెతకడం అన్నమాట.

ఇంకో మాట. మేడం అడ్వాన్సులు తీసుకోమన్నారే గానీ, రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మొద్దన్నారు. ఇది చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ ఆగి చెబుతున్నాను. ఇంట్లో చేసినా సరే, తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది టర్నోవర్ తక్కువగా ఉన్న చిన్నవాళ్ళకు బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫోస్కోస్ పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డుతో దరఖాస్తు చేసుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది. ఎవరైనా "రెండు వేలవుతుంది, నేను చేయిస్తా" అంటే అది వాళ్ళ కూలి తప్ప ప్రభుత్వ ఫీజు కాదు. స్నేహితురాలి అమ్మ పేరు మీద ఆ రిజిస్ట్రేషన్ వచ్చాకే టీమ్ మొదటి ప్యాకెట్ అమ్మింది.

ఐదు వారాల తర్వాత వాసన

మొదటి ప్యాకెట్లు మామూలు పాలిథిన్ కవర్లో కట్టి, కొవ్వొత్తి మంటతో అంచు అతికించారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. అలాంటివి కొన్ని ఒకబ్బాయి రూములో అల్మారా మీద ఉండిపోయాయి. ఐదు వారాల తర్వాత విప్పితే పాత నూనె కంపు. చెనక్కాయల్లో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది. పొడి కొట్టాక ఆ నూనెకు గాలి, వెలుతురు తగిలితే త్వరగా చెడిపోతుంది. గింజగా ఉన్నప్పుడు ఇన్నాళ్ళు నిలిచేది, పొడిగా అయితే నిలవదు. అమ్మలకు ఇది తెలుసు, అందుకే ఇంట్లో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొడతారు. ఇంటికి సరిపోయే ఆ తెలివి ప్యాకెట్‌కు సరిపోదు.

అప్పుడు లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లు తెచ్చారు. వేయించిన గింజలు పూర్తిగా చల్లారాకే పొడి కొట్టడం, తడి చేయి తగలనీయకపోవడం, అంచును సీలింగ్ మెషిన్‌తో అతికించడం మొదలుపెట్టారు. సంఘంలో పెద్దావిడ గింజలు ఏరడంలో ఇంకా గట్టిగా ఉండేది. బూజు పట్టిన గింజ, ముడతలు పడ్డ గింజ ఒక్కటి కనపడినా తీసేసేది. పిల్లలకు అది చాదస్తంలా అనిపించింది. తర్వాత చదువుకుంటే తెలిసింది, చెమ్మ తగిలి బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుందని, అది వేయించినా పూర్తిగా పోదని. ఆ ఏరివేత వాళ్ళ స్లైడుల్లోకి "క్వాలిటీ కంట్రోల్" పేరుతో ఎక్కింది. పేరు మారిందంతే, పని పెద్దావిడదే.

లేబుల్ విషయంలో నా వృత్తి అలవాటు కొద్దీ కొంచెం ఎక్కువ చెబుతాను. జర్నలిజంలో మాకు హెడ్డింగ్ రాయడం నేర్పేటప్పుడు చదివేవాడికి కావలసింది ముందు చెప్పమంటారు. లేబుల్‌కైతే చట్టమే ఆ పని చేసిపెట్టింది. వస్తువు పేరు, ఎక్కువ నుంచి తక్కువకు పదార్థాల జాబితా, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, గ్రాముకు ఎంత పడుతుందో ఆ ధర, శాకాహార పచ్చ గుర్తు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. వేరుశనగ కాబట్టి ఇంకొకటి కూడా: "ఇందులో వేరుశనగ ఉంది" అని అలర్జీ హెచ్చరిక. చెనక్కాయల పొడి ప్యాకెట్ మీద చెనక్కాయలున్నాయని రాయడమేమిటని టీమ్‌లో ఒకరు నవ్వారట. వేరుశనగ పడనివాళ్ళకు అది ప్రాణం మీదికి తెచ్చే విషయం. నవ్వాల్సిన వాక్యం కాదు.

అమ్మ కూలి

ఇప్పుడు అసలు గొడవ. వాళ్ళ మొదటి నోట్‌బుక్ లెక్క నేను చూశాను. పది కిలోల పొడికి తొమ్మిది కిలోల గింజలు, కిలో 120 చొప్పున 1,080 రూపాయలు. ఎండుమిర్చి కిలో 200. వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి 120. గ్యాస్, మిల్లు ఖర్చు 100. మొత్తం 1,500. నూరు ప్యాకెట్లు కాబట్టి ప్యాకెట్‌కు 15 రూపాయలు. కవరు ఒక రూపాయి. మొత్తం 16. అమ్మేది 25కి. లాభం 9 రూపాయలు. కింద రెండు గీతలు కూడా కొట్టారు.

మేడం అడిగింది ఒక్కటే. "గింజలు వేయించిందెవరు? పొట్టు తీసిందెవరు? వాళ్ళ కూలి ఏ కాలమ్‌లో ఉంది?"

స్నేహితురాలు వెంటనే, "మాయమ్మే కదా మేడం, ఇంట్లో పనే" అందట. మేడం ఒప్పుకోలేదు. మీ అమ్మ ఆ రోజు పొలం పనికి పోతే ఎంతొస్తుందో అది రాయమన్నారు. ఆ అమ్మాయికి కోపమొచ్చింది. తల్లికి కూలి కట్టడమేంటి, మా ఇంటి లెక్కలు క్లాసులో ఎందుకు అని రెండు రోజులు టీమ్‌తో మాట్లాడలేదు. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటానంది కూడా. మూడో రోజు ఇంట్లో ఈ గొడవ విన్న తల్లి చెప్పిన మాట మన అమ్మాయి నాతో ఇలా అంది: "ఆ యమ్మ నవ్వి, మేం మూడేండ్ల నుంచి పొడి అమ్ముతున్నాం, ఏం మిగిలిందో మాకే తెల్దు, రాయండి చూద్దాం అనింది సార్."

రాశారు. ఇద్దరు మనుషులు, ఒక రోజు, మనిషికి 300. నూరు ప్యాకెట్లకు 600. అంటే ప్యాకెట్‌కు 6 రూపాయలు. పౌచ్, లేబుల్ కలిపి 4. ఆటో, చినిగిపోయినవి, ఫోన్ ఖర్చు 2. ముడిసరుకు 15. మొత్తం 27. అంటే ఇన్నాళ్ళూ 25కి అమ్మాలనుకున్న ప్యాకెట్ తయారీకే 27 అవుతోంది. షాపు వాడు ధరలో 20 శాతం అడుగుతాడు. గరిష్ఠ ధర 40 పెడితే అతనికి 8 పోతాయి, చేతికి 32 వస్తాయి, మిగిలేది 5. హాస్టల్ పిల్లలకు తామే నేరుగా 35కి ఇస్తే 8 మిగులుతాయి.

మీరు ఈ లెక్కను రెండుసార్లు చదవండి. మన పల్లెల్లో పచ్చళ్ళు, పొడులు, మురుకులు చేసే ఎన్నో సంఘాల్లో నేను చూసిన పరిస్థితి ఇదే. లాభం అనుకుంటున్నది నిజానికి ఆడవాళ్ళు తమకు తాము ఇచ్చుకోని కూలి. కూలి కూడా గిట్టని చోట వ్యాపారం పెరిగేకొద్దీ అలసట పెరుగుతుంది, డబ్బు కాదు. 1959లో ముంబైలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ గురించి అందరూ చెబుతారు. అందులో నాకు నచ్చేది ఆ 80 రూపాయల సంగతి కాదు. అప్పడాలు ఒత్తే ప్రతి మనిషికీ ఒత్తినన్నింటికి లెక్క కట్టి కూలి ఇవ్వడం అక్కడి పద్ధతి.

40 రూపాయలంటే ఎవరూ కొనరని టీమ్ భయపడింది. మొదటి విడతలో 60 మంది కొన్నారు. నెలలోపు అందులో 22 మంది మళ్ళీ అడిగారు. రెండోసారి అడిగినవాళ్ళ లెక్క రాసుకోవడమే ఈ ప్రాజెక్టులో వాళ్ళు చేసిన మంచి పని అని నా అభిప్రాయం. మొదటిసారి మొహమాటానికి కొంటారు.

ఎనిమిది నిమిషాలు

ప్రజెంటేషన్ సంగతి. 21 స్లైడులు తయారయ్యాయి, అన్నీ ఇంగ్లీషులో. మాట్లాడే బాధ్యత మన అమ్మాయిది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. నాలుగు రోజులు బట్టీ పట్టింది. జడ్జీలు ముగ్గురు: ఒక బ్యాంకు మేనేజరు, ఒక స్థానిక వ్యాపారి, వేరే కాలేజీ నుంచి ఒక లెక్చరర్. మూడో స్లైడు దగ్గర ఒక పదం మరిచిపోయింది, దాంతో ఆ తర్వాతవన్నీ పోయాయి. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు వ్యాపారి, "తెలుగులో చెప్పమ్మా, మేమూ తెలుగోళ్ళమే" అన్నాడు.

ఆమె స్లైడులు వదిలేసి బల్ల మీద రెండు ప్యాకెట్లు పెట్టింది. ఒకటి ఐదు వారాల నాటి పాలిథిన్ కవరు, ఒకటి అదే రోజు కట్టిన పౌచ్. రెండూ కత్తిరించి జడ్జీలకు ఇచ్చి వాసన చూడమంది. ఆ తర్వాత చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. ముగ్గురి మొహాలూ చూసినవాళ్ళకు ప్యాకింగ్ మీద నాలుగు స్లైడులు అక్కర్లేదు. తర్వాత లెక్క చెప్పింది, కూలి కాలమ్‌తో సహా.

బ్యాంకు మేనేజరు అడిగారు: "చెనక్కాయలు కిలో 120 నుంచి 150 అయితే?" కాలిక్యులేటర్ లేదు. తొమ్మిది కిలోలకు ముప్పై చొప్పున 270, నూరు ప్యాకెట్లు. "ప్యాకెట్‌కు 2 రూపాయల 70 పైసలు పెరుగుతాది సార్. షాపులో అమ్మితే మాకు 2 రూపాయల 30 పైసలే మిగుల్తాది" అంది. ఆ జవాబు బట్టీ పట్టింది కాదు.

రెండో ప్రశ్న వ్యాపారిది. "మీరంతా డిగ్రీ అయిపోయి బెంగళూరు పోతారు. అప్పుడు దీన్ని అమ్మేదెవరు?" దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. "ఇంకా అనుకోలేదు సార్" అంది. అబద్ధం చెప్పనందుకు ఆయనకు నచ్చిందట.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఒక మొబైల్ యాప్‌కు వెళ్ళింది. అది న్యాయమా కాదా అన్న చర్చ ఆ కాలేజీ కారిడార్లలో ఇప్పటికీ నడుస్తోంది, నేను అందులో దూరను. ఐదుగురిలో ఒకబ్బాయి పేరుకు మాత్రమే ఉన్నాడు. మేడం మార్కులు అందరికీ ఒకేలా వేయలేదు, ఎవరు ఏం చేశారో ఎవరి చేతిరాతతో వాళ్ళనే రాయమన్నారు. అతని కాగితంలో రెండు వాక్యాలే ఉన్నాయి.

ఆ వ్యాపారి ప్రశ్న మాత్రం సంఘం ఆడవాళ్ళ దాకా వెళ్ళింది. నలుగురిలో ఒకామె కోడలు ఇంటర్ చదివింది. నోట్‌బుక్ రాయడం, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకోవడం, ఆర్టీసీ కార్గోలో బెంగళూరుకు పార్సిల్ వేయడం టీమ్ ఆ అమ్మాయికి నేర్పింది. ఇప్పుడు నెలకు 250 ప్యాకెట్ల దాకా పోతున్నాయి.

పథకం: తీసుకున్నది, తీసుకోనిది

ఇక మీరు ఫోన్ చేసి అడిగిన విషయం. ఇలాంటి చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020 జూన్‌లో కేంద్రం పీఎంఎఫ్ఎంఈ పథకం తెచ్చింది. మన రాష్ట్రంలో ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. 18 ఏళ్ళు నిండినవాళ్ళు అర్హులు, కుటుంబంలో ఒక్కరికే. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు.

ఉదాహరణకు రోస్టర్, పల్వరైజర్, సీలింగ్ మెషిన్ కలిపి 4 లక్షల ప్రాజెక్టు అనుకోండి. మీరు పెట్టాల్సింది కనీసం 10 శాతం, అంటే 40 వేలు. మిగతా 3 లక్షల 60 వేలు బ్యాంకు రుణం. సబ్సిడీ 1 లక్షా 40 వేలు. ఈ డబ్బు మీ చేతికి రాదు. బ్యాంకులో మీ రుణానికి జత చేసిన ఖాతాలో ఉంటుంది. మూడేళ్ళు కిస్తీలు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తుంటే అప్పుడు రుణంలో సర్దుతారు. "సబ్సిడీ అంటే ముందే అకౌంట్లో పడుతుంది" అనుకుని వచ్చేవాళ్ళు చాలామంది. కాదు.

ఆ సంఘానికీ ఈ దారి చూపించారు. వాళ్ళు వద్దనుకున్నారు. లెక్క సులువే. కిస్తీ నెలకు 7 నుంచి 8 వేలు అనుకుంటే, షాపులో ప్యాకెట్‌కు 5 రూపాయలు మిగిలే వ్యాపారంలో కిస్తీ కోసమే 1,400 నుంచి 1,600 ప్యాకెట్లు అమ్మాలి. వాళ్ళు అమ్ముతున్నది 250. పథకాల ప్రచారం నా ఉద్యోగం. అయినా వాళ్ళ నిర్ణయం సరైనదనే అంటాను. అర్హత ఉంది కదా అని ముందు మెషిన్ కొని, తర్వాత కొనేవాళ్ళ కోసం వెతికిన యూనిట్లు దుమ్ము పట్టి ఉండడం నేను చూశాను.

వాళ్ళు ఎంచుకున్నది అదే పథకంలోని ఇంకో భాగం. ఆహార తయారీ చేసే పొదుపు సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల వరకు సీడ్ క్యాపిటల్. చిన్న పనిముట్లకు, సరుకు పెట్టుబడికి వాడుకోవచ్చు. ఇది సమాఖ్య ద్వారా సభ్యులకు రుణంగా వస్తుంది, తిరిగి కట్టాలి. నలుగురికి 1 లక్షా 60 వేల వరకు అవకాశం ఉన్నా, సీలింగ్ మెషిన్, కాటా, ఒక్కసారిగా కొన్న పౌచ్‌లు, సీజన్‌లో కొని పెట్టుకునే గింజలకు సరిపడానే తీసుకున్నారు. అమ్మకం వెయ్యి ప్యాకెట్లు దాటితే 35 శాతం సబ్సిడీ రుణానికి దరఖాస్తు చేస్తామంటున్నారు.

పొడులు, పచ్చళ్ళు కాని వేరే వస్తువులైతే ముద్ర రుణం అడగొచ్చు. శిశు విభాగంలో 50 వేల దాకా ఇస్తారు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా ఆన్‌లైన్‌లో అవుతుంది. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి.

పీఎంఎఫ్ఎంఈ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ప్రతి జిల్లాలో డీఆర్‌పీ, అంటే జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. ప్రాజెక్టు రిపోర్టు తయారీ నుంచి బ్యాంకులో రుణం మంజూరయ్యేదాకా సాయం చేయడం వాళ్ళ పని. వాళ్ళకు ప్రభుత్వమే చెల్లిస్తుంది, మీరు ఏమీ ఇవ్వక్కర్లేదు. మార్గదర్శకాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు వాళ్ళనే అడిగి ఖరారు చేసుకోండి. పల్లెల్లో సీడ్ క్యాపిటల్ కోసం మీ గ్రామ సమాఖ్యను, పట్టణాల్లో మెప్మా సిబ్బందిని కలవాలి. వెళ్ళేటప్పుడు ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే ఆ కాగితం, మెషిన్లకు కొటేషన్ పట్టుకెళ్ళండి. వాటితో పాటు మీరు తయారుచేసిన ప్యాకెట్ ఒకటి, కూలి కాలమ్ ఉన్న లెక్కల పుస్తకం.